వేలు జారిన మాటకు తీర్పరి యెవరు?

*మంత్రి యొక మాట అనును. నటి యొక సలహా చెప్పును. అధికారి యొక బొమ్మను పంచుకొనును. గడియ తిరుగకముందే లక్షమంది న్యాయమూర్తులు కొలువు తీరుదురు. ఆ కొలువునకు విధివిధానమన్నది లేకపోవుటయే నేటి చిక్కు.*

2025 మార్చి నెల ముగియుచున్న దినములలో హైదరాబాదు నగరవాసుల ఫోన్లలో ఒక బొమ్మ ఇల్లిల్లు తిరిగినది. పుట్టగొడుగును బోలిన పెద్దబండ. దాని చెంత బారులు తీరిన మట్టిత్రవ్వు యంత్రములు. వాని యెదుట, ఎటు పోవలెనో తోచని తీరున ఒక లేడి, ఒక నెమలి. ఏ చిత్రకారుడును దానికై కుంచె పట్టలేదు. జపాను దేశపు జిబ్లీ చిత్రశాలవారి శైలిలో ఏ దృశ్యమునైనను క్షణములో గీసి యిచ్చు కృత్రిమ మేధ ఆ వారముననే జనులకు క్రొత్త ఆటవస్తువై దొరకియుండగా, ఆ మోజులో పుట్టిన లెక్కలేనన్ని బొమ్మలలో అదియు నొకటి. ఐనను దానిని చూచి కన్ను చెమర్చినవారు అనేకులు. ఏలయన, ఉగాది పండుగనాడే హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరములలోనికి యంత్రములు దిగుటయు, అడ్డుపడబోయిన విద్యార్థులను పోలీసులు పట్టుకొనిపోవుటయు ఊరంతయు వినియే యుండెను.

‘హాయ్ హైదరాబాద్’ అను ఎక్స్ ఖాతావారు ప్రచురించిన ఆ బొమ్మను, నాడు తెలంగాణ పర్యాటక శాఖ కార్యదర్శిగా నున్న ఐ.ఏ.ఎస్. అధికారిణి శ్రీమతి స్మితా సభర్వాల్ తన ఖాతానుండి మరల పంచుకొనిరి. ఏప్రిల్ నెల నడుమ గచ్చిబౌలి పోలీసులనుండి వచ్చిన నోటీసునకు ఆమె వాఙ్మూలమిచ్చి, ఇదే బొమ్మను రెండువేలమంది పంచుకొనియుండగా అందరికిని ఇదే మర్యాద జరుగుచున్నదా, లేక కొందరినే ఏరుకొనుచున్నారా యని బహిరంగముగా ప్రశ్నించిరి. నెల తిరుగకముందే బదిలీ ఉత్తర్వులు వెలువడినవి. ప్రభుత్వపు ఉప్పు తినుచు ప్రభుత్వముపై బురద చల్లుటయా యని కొందరు మండిపడిరి; అధికారియైనంత మాత్రమున చెట్టుపుట్టలకై నోరెత్తరాదా యని మరికొందరు వెనుకవేసికొని వచ్చిరి.

బొమ్మ కల్పితమే, కాని ఆ నేలపై లేళ్లు, నెమళ్లు ఉన్నమాట కల్పితము కాదు. ఏప్రిల్ 3న పనులు ఆపివేయుడని ఆజ్ఞాపించిన సుప్రీంకోర్టు, తలదాచుకొనుటకై పరుగులెత్తు జంతువులను, వానిని కుక్కలు కరచుటను వీడియోలలో చూచి, ఏప్రిల్ 16న తన ఆవేదనను దాచుకొనలేదు. మరియొక వంక, కృత్రిమ చిత్రములను ప్రచారము చేసినవారిలో తన పేరును ముఖ్యమంత్రి తరపువారు చేర్చినారని తెలిసిన హిందీ నటి దియా మీర్జా, తాను అట్టి బొమ్మ నొక్కటైనను ప్రచురింపలేదని, నిందించుటకు ముందు ప్రభుత్వమే నిజానిజములు విచారించుకొనవలెనని ఘాటుగా బదులిచ్చిరి. బొమ్మ అబద్ధము, దాని వెనుకనున్న దుఃఖము నిజము. అబద్ధమును పట్టుకొందుమన్నవారి ఆరోపణయు విచారణకు నిలువవలసినదే. ఇన్ని ముడులుగల వ్యవహారమును మనము పరిష్కరించిన దెంతసేపటిలో? ఒక తేనీటి కప్పు చల్లారునంతలో.

చట్టము వేరు, ధర్మము వేరు

ప్రముఖులైనవారు సామాజిక మాధ్యమములలో ఏదేని అన్నప్పుడెల్ల మనలో మొదట పుట్టు ప్రశ్న ‘కేసు పెట్టవచ్చునా?’ అనునది. అది పోలీసు ప్రశ్న. పౌరుడు వేసికొనవలసినది మరియొకటి: ‘ఆ మాట ఆ మనిషి నోట రాదగినదేనా?’ ఈ రెంటికిని నడుమనున్న దూరము గొప్పది. నేరము కాకున్నను నీచమైన మాటలు కలవు. నేరమని ముద్రపడినను నిజాయితీగల మాటలును కలవు. ఈ పదునైదేండ్లలో మన న్యాయస్థానములు చట్టపు హద్దును గీచుకొనుచు వచ్చి, ఆ హద్దునకు ఆవలనున్న విశాలక్షేత్రమును పార్టీల మర్యాదకు, పత్రికల వివేకమునకు, ప్రజల అంతరాత్మకు విడిచిపెట్టినవి. అట్లు విడిచిన చోట ఇప్పుడు కూర్చున్నది మనము. న్యాయస్థానమున వాది చెప్పినది విందురు, ప్రతివాదిని పిలుతురు, సాక్ష్యమడుగుదురు, తప్పునకు తగినంత శిక్షయే విధింతురు. మన కొలువులో వీనిలో ఏదియు లేదు. శిక్ష మాత్రము కలదు.

నడిమివారు తొలగిన పిదప

పూర్వము నాయకుడు మైదానమున మాటాడినచో, ఆ మాట విలేఖరి సంక్షిప్తలిపిలోనికి, అందుండి ఉపసంపాదకుని బల్లమీదికి, అచటినుండి అచ్చులోనికి ప్రయాణము చేసి మరునాటి ఉదయమునకు గాని పాఠకుని చేరెడిది కాదు. ఆ రాత్రి వ్యవధిలో చల్లారవలసిన కోపములు చల్లారెడివి. కొట్టివేయవలసిన వాక్యములు కొట్టుడుపడెడివి. అప్పటికిని చిక్కువచ్చినచో ‘నా మాటలను వక్రీకరించిరి’ అను రక్షారేకు ఒకటి ఎల్లవేళల సిద్ధముగా నుండెడిది. నేడు మాటకును లోకమునకును నడుమ మిగిలినది ఒక బొటనవ్రేలు మాత్రమే. వ్రాసినది తానే, అచ్చువేసినది తానే, పంచినది తానే, ఇక వక్రీకరించినవారెవరు?

ఈ మార్పు మన రాజకీయములలో మొదట తెలిసివచ్చినది 2009 సెప్టెంబరులో. ప్రభుత్వము పొదుపు పాటింపుమని మంత్రులను విమానములలో చౌక తరగతికి దింపుచున్న దినములవి. విదేశాంగ సహాయమంత్రి శశి థరూర్, ట్విట్టరులో ఒక పాత్రికేయుడు వేసిన కొంటె ప్రశ్నకు కొంటెగానే బదులిచ్చుచు, ఆ తరగతిని పశువుల దొడ్డితో పోల్చు ఇంగ్లీషు పలుకుబడిని వాడిరి. చదువుకొన్న మిత్రుల నడుమ నవ్వులాటగా పోవలసిన ఆ మాట, ఆ తరగతి టిక్కెట్టునకే యేండ్ల తరబడి సొమ్ము కూడబెట్టుకొను దేశమునకు వినబడినది. స్వపక్షమువారే చిన్నబుచ్చుకొనిరి, అది హాస్యోక్తి మాత్రమేయని ప్రధాని మన్మోహన్ సింగ్ సర్దిచెప్పవలసి వచ్చినది. మరుసటి ఏప్రిల్‌లో కొచ్చి క్రికెట్ జట్టు భాగస్వాములెవరో ఐ.పి.ఎల్. అధిపతి లలిత్ మోదీ ట్విట్టరులో బయటపెట్టగా రేగిన దుమారము థరూర్ మంత్రిపదవిని మ్రింగివేసినది.

ఈ తరహా మాటలలోని అసలు కష్టము, పలుకువానికి శ్రోత యెవరో తెలియకపోవుట. పెండ్లిపందిట వేళాకోళమునకు ఒక తావు, పరామర్శకు పోయినచోట మౌనమునకు ఒక తావు కలవని మన పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. సామాజిక మాధ్యమమున పెండ్లివారును, పరామర్శకు వచ్చినవారును ఒకే అరుగుమీద కూర్చుందురు. ధనవ్యవహారములందు ఈ చిక్కు లెక్కకు గూడ దొరకును: టెస్లా వాటాలను ఒక్కొక్కటి 420 డాలర్లకు కొని సంస్థను స్వంతము చేసికొన తలచితిననియు, అందుకు సొమ్ము సిద్ధమనియు 2018 ఆగస్టు 7న ఎలాన్ మస్క్ చేసిన ట్వీటు వాటాల ధరను ఊపివేయగా, నియంత్రణ సంస్థతో రాజీలో ఆయన రెండుకోట్ల డాలర్లు, సంస్థ మరి రెండుకోట్ల డాలర్లు చెల్లించుకొనవలసి వచ్చినది; సంస్థ అధ్యక్ష పీఠమును ఆయన వదులుకొనవలసి వచ్చినది.

> చట్టపు గీత ఎచ్చట నున్నది?
>
> 2012 నవంబరు: బాల్ ఠాక్రే మరణానంతరము ముంబయి మూతపడుటను ఫేస్‌బుక్‌లో ప్రశ్నించిన యువతిని, దానికి ‘లైకు’ కొట్టిన ఆమె స్నేహితురాలిని మహారాష్ట్రలోని పాల్‌ఘర్ పోలీసులు అరెస్టు చేసిరి.
>
> 2015 మార్చి 24: అట్టి అరెస్టులకు ఆయుధమైన ఐ.టి. చట్టపు 66ఏ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని శ్రేయా సింఘల్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసినది. ధర్మాసనమున జస్టిస్ రోహింటన్ నారిమన్‌తో పాటు కూర్చున్నవారు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్.
>
> 2020 ఆగస్టు 31: రెండు ట్వీట్లకుగాను కోర్టు ధిక్కార దోషిగా నిర్ణయింపబడిన న్యాయవాది ప్రశాంత్ భూషణ్‌కు ఒక్క రూపాయి జరిమానా.
>
> 2023 జనవరి 3: మంత్రి అన్న మాటను ప్రభుత్వపు మాటగా పరిగణింపరాదని రాజ్యాంగ ధర్మాసనపు తీర్పు.

ఒక రూపాయి తూకము

పై పట్టికలోని మూడవ అంశము మన విషయమునకు మిక్కిలి దగ్గర. 2020 జూన్ 27న, 29న ప్రశాంత్ భూషణ్ రెండు ట్వీట్లు చేసిరి. మొదటిది, గడచిన ఆరేండ్ల కాలమున ప్రజాస్వామ్యము క్షీణించుటలో సుప్రీంకోర్టు పాత్రను గూర్చినది. రెండవది, కోవిడ్ దినములలో ప్రధాన న్యాయమూర్తి శిరస్త్రాణము గాని ముఖమాస్కు గాని లేక ఖరీదైన మోటారుసైకిలుపై కూర్చున్న ఛాయాచిత్రమును గూర్చినది. కోర్టు దోషిగా నిర్ణయించి, క్షమాపణకు వ్యవధి యిచ్చినది, ఆయన చెప్పనన్నారు. ఒక్క రూపాయి కట్టుడు, లేనిచో మూడునెలల కారాగారము, మూడేండ్లపాటు వాదించు హక్కునకు నిషేధమని తీర్పు వచ్చినది. ఆ రూపాయి నాణెమును పట్టుకొని నవ్వుచున్న ఆయన ఛాయాచిత్రము దేశమంతయు చూచినది.

కాని దేశము అంతగా చూడని చిన్న విషయము ఆయన సమాధాన పత్రములో నున్నది. ఆ మోటారుసైకిలు కదలుచున్నది కాదు, స్టాండు వేసి నిలిపినది. అట్టిచో శిరస్త్రాణము లేదనుట అసందర్భమని గ్రహించి, ఆ ఒక్క ముక్కకు మాత్రము ఆయన విచారము వెలిబుచ్చిరి. తక్కిన అభిప్రాయమునుండి అంగుళమైనను కదలలేదు. అభిప్రాయముపై నిలబడు హక్కు ప్రతివానికిని కలదు. వాస్తవము తప్పైనప్పుడు దానిపై నిలబడు హక్కు ఎవనికిని లేదు. ఆయన అభిప్రాయముతో ఏకీభవింపని వారైనను, ఒకే ట్వీటులోని రెండు పాళ్లను ఆయన అట్లు వేరుచేసి చూపుటను గుర్తింపవచ్చును. మన వాదవివాదములలో లోపించినది సరిగా ఈ విభజనయే. ఒక చిన్న పొరపాటు దొరికెనా, మొత్తము వాదమును కూలద్రోయుదుము. వాదము నచ్చెనా, అందులోని అబద్ధములను గూడ నెత్తికెత్తుకొందుము.

పదవి పలికినదా, మనిషి పలికినాడా?

2016 జూలైలో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌శహర్ సమీపమున రహదారిపై ఒక తల్లి, కుమార్తె సామూహిక అత్యాచారమునకు గురియైనప్పుడు, అది రాజకీయ కుట్ర కావచ్చునన్నట్లు నాటి మంత్రి ఆజం ఖాన్ మాటాడిరి. బాధితుల పక్షమున వ్యవహారము సుప్రీంకోర్టునకు చేరగా, ఆయన అదే సంవత్సరము డిసెంబరులో బేషరతుగా క్షమాపణ చెప్పిరి. ఐనను ప్రశ్న మిగిలిపోయినది: మంత్రి నోటిమాట ఎవరి మాట? అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము 2023లో నలుగురి మెజారిటీతో, మంత్రి మాటను ప్రభుత్వమునకు అంటగట్టరాదనియు, రాజ్యాంగపు 19(2) అధికరణము చెప్పిన పరిమితులకు మించి క్రొత్త సంకెలలను కోర్టు చేర్చజాలదనియు నిర్ణయించినది. ఆ ధర్మాసనమునకు అధ్యక్షత వహించిన జస్టిస్ అబ్దుల్ నజీర్ మరుసటి నెలలోనే ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా నియమితులైరి. అయిదవవారైన జస్టిస్ బి.వి. నాగరత్న, ప్రభుత్వ వైఖరిని వ్యక్తీకరించు మంత్రి మాటను ప్రభుత్వపు మాటగానే గ్రహింపవలెనని భిన్నాభిప్రాయము వ్రాయుచు, తమ మంత్రుల నాలుకకు పార్టీలే ప్రవర్తనా నియమావళి ఏర్పరచుకొనవచ్చునని సూచించిరి.

అమెరికాలోను ఇదే చిక్కు మరియొక రూపమున వచ్చినది. మిషిగన్ రాష్ట్రమందలి పోర్ట్ హ్యూరన్ పట్టణపు పాలనాధికారి ఒకరు, ఇంటివారి ఛాయాచిత్రములు పెట్టుకొను తన ఫేస్‌బుక్ పుటలోనే కోవిడ్ నియమములను గూడ ప్రకటించుచు, విమర్శించిన పౌరుని వ్యాఖ్యలను తొలగించి, అతనిని అడ్డగించిరి. 2024 మార్చి 15న అచ్చటి సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా రెండు గీటురాళ్లు చెప్పినది: ప్రభుత్వము తరపున మాటాడు అధికారము ఆ వ్యక్తికి నిజముగా ఉండవలెను; ఆ పోస్టులో ఆ అధికారమునే వినియోగించుచున్నట్లు కనబడవలెను.

గీటురాయి చట్టమునకు చాలును గాని, మన ధర్మవిచారణకు చాలదు. కుర్చీ దిగి యింటికి పోయినను కుర్చీ నీడ మనిషి వెంట వచ్చును. 2024 జూలైలో శ్రీమతి సభర్వాల్, ఐ.ఏ.ఎస్. వంటి క్షేత్రస్థాయి సేవలలో వికలాంగులకు కోటా యెందుకని, విమానచోదకుల, శస్త్రవైద్యుల ఉపమానములతో ప్రశ్నించినప్పుడు అంతగా నొప్పి కలుగుటకు కారణమిదియే. 2016 నాటి చట్టము ప్రభుత్వోద్యోగములలో వికలాంగులకు 4 శాతమును ప్రత్యేకించియున్నది. పట్టుదలతో ఆ మెట్లెక్కినవారు సాటి ఉద్యోగులుగా ఆమె యెదుటనే యున్నారు. సందేహము వ్యక్తిగతమే కావచ్చును. కాని చదువుకొనుచున్న ఒక అంధ విద్యార్థికి అది అధికారపీఠమునుండి వచ్చిన మాటగానే వినబడును. అదే వ్యక్తి మరుసటి ఏడు పంచుకొన్న అడవి బొమ్మ ప్రభుత్వమను తనకంటె బలవంతుని వైపు తిరిగినది. మొదటిమాట బలము గలవారినుండి బలహీనుల మీదికి దిగినది. రెండవది క్రిందినుండి పైకి పోయినది. కాబట్టి మనిషిని బట్టి మాటను తూచుట కాదు. ఏ మాటకు ఆ మాటను, అది ఎవరిమీద పడుచున్నదో చూచి తూచవలెను.

సదుద్దేశము చాలునా?

అదే 2024 జూలైలో, మయోసైటిస్ వ్యాధితో తాను పడుచున్న బాధను దాచుకొనక లోకమునకు చెప్పుకొన్న నటి సమంత, సాధారణమైన వైరస్ జ్వరములకు మందులు మ్రింగకముందు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను శుద్ధజలముతో కలిపి నెబ్యులైజరు ద్వారా పీల్చి చూడవచ్చునని ఇన్‌స్టాగ్రామ్‌లో సలహా ఇచ్చిరి. ఇట్లు పీల్చుట ప్రమాదకరమని అమెరికాలోని ఉబ్బస రోగుల సంస్థ 2021లోనే హెచ్చరించియున్నది. ‘లివర్ డాక్’ అను పేర ప్రసిద్ధులైన కేరళ కాలేయవైద్యుడు సిరియక్ ఆబి ఫిలిప్స్ వెంటనే లేచి, ఆమెను ఆరోగ్యశాస్త్ర విషయమున నిరక్షరాస్యురాలని, జరిమానాయో కారాగారమో విధింపవలదా యని తీవ్రముగా వ్రాసిరి. పాతికేండ్లు డి.ఆర్.డి.ఓ.లో పనిచేసిన ఒక యం.డి. వైద్యుడే తనకు చెప్పినాడనియు, తనకు మేలు చేసినదానిని ఇతరులకు చెప్పుటలో సదుద్దేశమే తప్ప మరేమియు లేదనియు ఆమె వ్రాసిన సుదీర్ఘమైన జవాబులో బాధ స్పష్టముగా వినబడినది.

ఆమె సదుద్దేశమును శంకింప నవసరము లేదు. 2020 మార్చిలో జనతా కర్ఫ్యూను పాటింపుడని కోరుచు, కొన్ని గంటలు ఇంట నున్నచో వైరస్ వ్యాప్తి తెగిపోవునని చెప్పిన రజనీకాంత్ వీడియోను ట్విట్టరు తొలగించినప్పుడును, ఆయన హితమునే కోరినారన్నది యెల్లరు ఎరిగినదే. కాని అభిమానము గల ఇంట హీరోయిన్ మాట మందుచీటీతో సమానమగును. పొరుగింటి పిన్ని చెప్పిన చిట్కా ఆ వీధి దాటదు. కోట్లమంది వెంటనడచు తార చెప్పినది పొలిమేరలు దాటి పోవును. చేరు దూరము పెరిగినకొలది, పలుకుటకు ముందు విచారింపవలసిన భారమును పెరుగవలెను. ఉద్దేశము మనిషిని క్షమించుటకు పనికివచ్చును. మాటను సమర్థించుటకు పనికిరాదు.

డబ్బు చేతులు మారినచోట ఆ క్షమకును చోటు తగ్గును. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రోత్సహించిరన్న ఫిర్యాదుపై హైదరాబాదు మియాపూర్ పోలీసులు సినీనటులు, ఇన్‌ఫ్లుయెన్సర్లు కలిపి 25 మందిపై కేసు నమోదు చేసిరి. అంతకుముందే అప్పటి ఆర్టీసీ అధిపతి వి.సి. సజ్జనార్ ఎక్స్ వేదికపై ఈ యాప్‌ల ఆట కట్టించుటకు గట్టి ప్రచారము సాగించియుండిరి. నేరము రుజువగునో లేదో న్యాయస్థానము చూచుకొనును. మనము చూడవలసినది, ఆ ప్రకటన యే యింటికి చేరినదన్నది: ఫీజు కట్టుమని తండ్రి పంపిన సొమ్ము, సెల్‌ఫోన్ తాకట్టు, అప్పుల యాప్, ఆపైన ఇంటికి వచ్చు బెదిరింపు ఫోన్లు. ఈ వరుస మన పట్టణములలో ఎరుగనివారు లేరు. నటుడు ప్రకాశ్‌రాజ్ మాత్రము, 2016లో అట్టి ప్రకటనలో తాను నటించిన మాట నిజమేననియు, అది తగదని తెలిసిన పిదప 2017లో ఒప్పందము పొడిగింప నిరాకరించితిననియు బహిరంగముగా చెప్పిరి.

> పారితోషికము పుచ్చుకొని పలికినచో
>
> 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, మోసపుచ్చు ప్రకటనలో కనబడిన ప్రముఖునికి 10 లక్షల రూపాయల వరకు జరిమానా. తిరిగి చేసినచో 50 లక్షల వరకు. ఒక ఏడాది, పిదప మూడేండ్ల వరకు ప్రకటనలు చేయకుండ నిషేధింపవచ్చును. తగిన విచారణ చేసికొనియే ఒప్పుకొంటినని చూపగలిగినవారికి ఈ శిక్షనుండి మినహాయింపు కలదు.
>
> 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ విడుదల చేసిన సూచనల ప్రకారము, సొమ్ము గాని కానుక గాని పుచ్చుకొని పోస్టు పెట్టినవారు ఆ సంగతిని సులభమైన మాటలలో, కంటికి కనబడునట్లు చెప్పవలెను.

అసలు అన్నారా?

తీర్పునకు కూర్చొనుటకు ముందు తేల్చుకొనవలసిన మొదటి సంగతిని మనము చివరకు గూడ అడుగము. 2023 నవంబరులో నటి రష్మిక ముఖమును మరియొక స్త్రీ దేహమునకు అతికించిన వీడియో దేశమంతట ప్రాకినది. మరుసటి జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాలో పట్టుకొన్న యువకుడు ఆమె పేర అభిమానపుట నడుపువాడేననియు, అనుచరుల సంఖ్యను పెంచుకొనుటకే ఈ పని చేసినాడనియు తేల్చిరి. అభిమానమే అపచారమైన చిత్రమిది. ముఖమునే మార్చగలవారికి మాటను మార్చుట ఒక లెక్క కాదు. గంటసేపటి ప్రసంగమునుండి పది సెకనుల ముక్క కత్తిరించుట, ఎదుటి పక్షపు వాదమును ఉటంకించి ఖండింపబోవు వాక్యమును అచ్చటనే తెంచి వక్తకే అంటగట్టుట, నకిలీ ఖాతా పేర వ్రాసి స్క్రీన్‌షాట్ తీసి వదలుట, ఇవన్నియు ఎన్నికల వేళ వాట్సాప్ బృందములలో నిత్యకృత్యములు. పూర్తి వీడియో వెదకుటకు పట్టునది అయిదు నిమిషములు. ఆ అయిదు నిమిషముల ఓపిక లేనివానికి తీర్పు చెప్పు అర్హతయు లేదు.

తీర్పరుల ధర్మము

2021 అక్టోబరు 24న దుబాయిలో పాకిస్థాను చేతిలో భారతజట్టు ఓడినప్పుడు, బౌలరు మహమ్మద్ షమీని మతము పేర దూషించినవారు కొల్లలు. నాయకుడు విరాట్ కోహ్లీ కొద్దిదినములలోనే పాత్రికేయుల యెదుట, ఒకని మతమును బట్టి దాడి చేయుటకంటె హేయమైనది లేదని నిష్కర్షగా చెప్పెను. ప్రముఖుడు పలుకవలసిన వేళ పలుకవలసిన మాట అది. దానికి వచ్చిన ప్రతిఫలములలో ఒకటి, ఏడాదియైనను నిండని ఆయన పసికూనపై సామాజిక మాధ్యమమున అత్యాచారపు బెదిరింపు. ఆ కేసులో ముంబయి పోలీసులు పట్టుకొన్నది హైదరాబాదున నున్న ఒక చదువరియైన సాఫ్ట్‌వేరు యువకుని. తదుపరి ఫిర్యాదుదారులు ఉపసంహరించుకొనగా బొంబాయి హైకోర్టు కేసును కొట్టివేసినది. కేసు ముగిసినను సిగ్గు ముగియలేదు.

ఈ బెదిరింపులు ఆడువారిమీద మరింత వికృతరూపము దాల్చును. మగవాడు తప్పుమాట అన్నచో వాని తెలివిని తిట్టుదురు. ఆడుది అన్నచో ఆమె శీలమును, విడాకులను, కట్టుకొన్న చీరను, కన్న తల్లిని గూడ బజారున నిలబెట్టుదురు. మన ఉభయరాష్ట్రములలో దీనికి కులము తోడగును, పార్టీ జెండా తోడగును, సినిమా హీరో పేర గల సేన తోడగును. అదే మాట తమవాడన్నచో ‘ముక్కుసూటి మనిషి’, పరాయివాడన్నచో ‘నోటిదురుసు’. తప్పు నెత్తిచూపినవానిని ‘ఆనాడు మీవాడు అన్నప్పుడెక్కడ నుంటివి?’ అని అడిగి నోరు మూయించుట జవాబు కాదు. ఐనను ఆ ప్రశ్న అంత సులువుగా దొరకుటకు కారణము మన పక్షపాతమే.

క్షమాపణలను తూచుటయు మనము నేర్చుకొనవలసిన విద్య. ‘నా మాటలవలన ఎవరి మనోభావములైన దెబ్బతినియుంటే’ అను వాక్యమును మనవారు వల్లెవేసినంతగా శతకపద్యమును గూడ వల్లెవేయరు. అందులో తప్పు చేసినవాడు లేడు. నొచ్చుకొన్నవారిదే తప్పన్నట్లు ధ్వనించును. చప్పుడు చేయక పోస్టును తీసివేసి ఊరకుండుట అంతకంటె లోకువ. ఏమన్నదియు, అది ఏల తప్పైనదియు, ఎవరికి హాని కలిగినదియు చెప్పి, తప్పు వెలసిన చోటనే, అంతమంది కంటనే దిద్దుబాటును నిలుపుట నిజమైన క్షమాపణ. అట్లు దిద్దుకొన్నవానిని పాత స్క్రీన్‌షాట్‌తో జీవితాంతము వేటాడుట మాత్రము మన తప్పు. దిద్దుకొన్నను, దిద్దుకొనకున్నను శిక్ష ఒక్కటేయైనచో, ఇక దిద్దుకొనువారెవరు?

> తీర్పునకు ముందు ఆరు ప్రశ్నలు
>
> 1. ఈ మాట వారన్నదేనా? పూర్తిపాఠము చూచితినా?
> 2. ఇందులో వాస్తవమెంత, అభిప్రాయమెంత?
> 3. ఏ హోదాలో నుండి, సొమ్ము పుచ్చుకొనియా, పుచ్చుకొనకయా అన్నారు?
> 4. ఇది ఎవరిమీద పడును? బలవంతునిమీదనా, బలహీనునిమీదనా?
> 5. తప్పని తెలిసిన పిదప వారేమి చేసిరి?
> 6. ఇదే మాటను నా అభిమాన నాయకుడు అనియున్నచో నా తీర్పు ఇదియేనా?

ఇట్టి విచారణ సామాజిక మాధ్యమముల వేగములో సాధ్యమా యని సందేహింపవచ్చును. సమంత, కాలేయవైద్యుల వివాదము ముగిసిన తీరులో కొంత సమాధానము కలదు. ఆమె ఆవేదన చదివిన పిదప ఆ వైద్యుడు, తన లక్ష్యము ఆమె కాదనియు, ఆ చికిత్సను చెప్పిన వైద్యులేయనియు వివరించి, తన మాటల తీరునకు క్షమాపణ చెప్పిరి. పెరాక్సైడ్ ఊపిరితిత్తులకు హానికరమన్న శాస్త్రవిషయమున మాత్రము వెనుదీయలేదు. నాలుగుదినములు తిరుగకముందే, పదిమంది చూచుచుండగనే, కటువు పలుకు ఉపసంహరింపబడినది, కఠిన సత్యము మిగిలినది. చట్టము ఈ ఫలితమును సాధింపగలిగెడిది కాదు. ఏండ్లు పట్టెడిది, కక్షలు పెరిగెడివి. చట్టము చేయజాలని పనిని తలకెత్తుకొన్న మనము, తీర్పు చెప్పు అధికారముతో పాటు, ఎదుటివారి మాటను తుదివరకు విను చట్టపు ఓర్పును గూడ స్వీకరింపవలెను. అది లేనినాడు మనది న్యాయస్థానము కాదు, గుంపు. గుంపుచేత శిక్షింపబడినవాడు ఎంత తప్పు చేసినవాడైనను, ఆ తప్పును తెలిసికొనడు, దెబ్బలను మాత్రమే జ్ఞాపకముంచుకొనును.